మేం రబ్బరు బంతులం కాదు

వ్యక్తిత్వ వికాసం పుస్తకాల కొట్లోకి బాబాసాహెబ్ అంబేడ్కర్ బొమ్మ ఎప్పుడు వచ్చి చేరిందో గానీ, ఇవాళ బస్టాండు దగ్గర పుస్తకాల బండి మొదలుకొని డీఎస్సీ కోచింగు సెంటరు గోడదాకా ఎక్కడ చూసినా ఆ బొమ్మే. బొమ్మ కింద నాలుగు ముక్కలు రాసుంటాయి. కష్టాలు పడ్డాడు, ఓర్చుకున్నాడు, చదువుకున్నాడు, రాజ్యాంగం రాశాడు. కాబట్టి నువ్వూ ఓర్చుకో. నా పేచీ అంతా ఆ "కాబట్టి" దగ్గర. పెట్టినవాళ్ల జోలికి పోకుండా పడ్డవాళ్లకి పాఠం చెప్పటం మన దేశంలో పాత అలవాటే. ఇప్పుడు ఆ పాఠానికి మన మనిషి బొమ్మే అట్టగా వేస్తున్నారు, అదీ కొత్త సంగతి.

ఆయన తన బతుకు గురించి తన చేత్తో రాసుకున్న కాగితాలు కొన్నున్నాయి. గట్టిగా లెక్కేస్తే ఇరవై పేజీలు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని పేరు. వీసా కోసం ఎదురుచూపు అనుకుందాం. ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1990లో ఆయనే పెట్టిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ దాన్ని చిన్న పుస్తకంగా వేసింది. రాసింది 1930ల్లో అంటారు. ఆరో భాగంలో 1938 మార్చి నాటి సభ ప్రస్తావన ఉంది కాబట్టి కనీసం ఆ భాగం ఆ తర్వాతిదే. మొత్తం ఆరు భాగాలు. నేను సోషల్ చెప్పే పంతులమ్మని, విమర్శకురాల్ని కాను. అయినా ఈ ఇరవై పేజీల్ని ఎన్నోసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఆ గోడమీది బొమ్మకీ ఈ కాగితాలకీ చుట్టరికం లేదనిపించింది.

మొదట, ఆయన ఏం వదిలేశాడో చూడండి. అప్పటికే ఆయనకి కొలంబియా చదువుంది, లండన్ చదువుంది, బారిస్టరు పట్టా ఉంది. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకు తాగిన నాయకుడు. రౌండ్ టేబుల్ సమావేశాల్లో మనకోసం వాదించినవాడు. వీటిమీద ఒక్క కథ కూడా చెప్పలేదు. ఎట్లా గెలిచాడో ఎక్కడా లేదు. విదేశాలవాళ్లకి అంటరానితనం అంటే ఏందో తెలియజెప్పటానికి రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. వర్ణించి చెప్పటమా, జరిగినవి చెప్పటమా అని ఆలోచించి జరిగినవే చెప్తానన్నాడు. తనకి జరిగినవి కొన్ని, ఇంకొకళ్లకి జరిగినవి కొన్ని. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మొదటి భాగం 1901 నాటి ప్రయాణం. పదేళ్ల పిల్లాడు. తల్లి చనిపోయింది. తండ్రి గోరేగావ్‌లో క్యాషియరు పనిలో ఉన్నాడు. సెలవలకి రమ్మని కబురు పెట్టాడు. ఆ ముస్తాబంతా ఆయన ఎంత ఇష్టంగా రాశాడో చూడాలి. కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, పట్టు అంచు పంచెలు. సతారాలో రైలెక్కి మసూర్‌లో దిగారు. ఉత్తరం తండ్రికి అందలేదు, ఎవరూ రాలేదు. పిల్లల బట్టలు చూసి స్టేషన్ మాస్టరు మర్యాదగానే పలకరించాడు. ఎవరు బాబూ మీరు అంటే మహార్లమని చెప్పారు. అంతే, ఆయన మొహం మారిపోయింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇస్తే ఒకడు ఒప్పుకున్నాడు. బండి మాత్రం పిల్లలే తోలుకోవాలంట, తను పక్కన నడిచొస్తాడంట. రాత్రయింది. బుట్టనిండా అన్నం ఉంది, గొంతు తడుపుకోవటానికి చుక్క నీళ్లు లేవు. టోలు గేటు దగ్గర ముసల్మానులమని చెప్పండి, నీళ్లిస్తారని బండివాడే ఉపాయం చెప్పాడు. పిల్లాడు ఉర్దూలో అడిగాడు. అయినా ఇవ్వలేదు. అన్నం పక్కన పెట్టుకుని పస్తు పడుకున్నారు.

మా ట్రైనింగుల్లో చెప్పే సూత్రాలన్నీ ఆ పిల్లాడు ఆ ఒక్క పూటలో పాటించేశాడు. శుభ్రంగా తయారయ్యాడు. ధైర్యంగా మాట్లాడాడు. డబ్బు ఎక్కువిస్తానన్నాడు. ఉపాయం వాడాడు. భాష మార్చాడు. ఒక్కటీ నీళ్లు తేలేదు. ఈ కథలో పిల్లాడి గుణగణాలకీ దాహానికీ సంబంధం లేదు. ఆ సంగతి చెప్పటానికే బాబాసాహెబ్ దీన్ని మొదట పెట్టాడని నేననుకుంటున్నాను. ఇందులోంచి ఓర్పు అనే నీతి తీసేవాడు కథని చదవలేదన్నమాట.

ట్రైనింగు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తా. కొన్నేళ్ల కింద మాకు ఒక తరగతి పెట్టారు. ఒత్తిడిని తట్టుకోవటం, నాయకత్వ లక్షణాలు. తెరమీద 'రెజిలియెన్స్' అని పెద్ద అక్షరాలు. చెప్పే పెద్దమనిషి ఊరూ పేరూ మనకొద్దు. జేబులోంచి రబ్బరు బంతి తీసి నేలకేసి కొట్టాడు, ఎగిరొచ్చింది, పట్టుకున్నాడు. ఎంత గట్టిగా కొడితే అంత పైకి లేస్తుంది, మనమూ అట్లా ఉండాలన్నాడు. అందరూ చప్పట్లు. నేను లేచి, "సార్, కొట్టే చెయ్యి ఎవరిది?" అన్నాను. నవ్వాడు. "మేడమ్, నెగెటివ్‌గా ఆలోచించకూడదు" అన్నాడు. తర్వాత ఒక్కొక్కళ్లూ జీవితంలో పడ్డ ఒక కష్టం, దానివల్ల వచ్చిన బలం చెప్పమన్నారు. ఒకాయనకి మొదటిసారి సివిల్స్ రాలేదంట. ఒకావిడకి బదిలీ దూరం పడిందంట. అవీ కష్టాలే, కాదన్ను. నా వంతు వచ్చినప్పుడు మాత్రం నేను కష్టం చెప్పాను, బలం చెప్పలేదు. రెండో గడి ఖాళీ ఉందేమని అడిగారు. అది మీరు పెట్టిన గడి సార్ అన్నాను.

బంతికి గుర్తుండదు, మనిషికి గుర్తుంటుంది. పైగా బంతి లేచి ఎక్కడికొస్తుంది? కొట్టినవాడి చేతిలోకే.

తెలుగులో ఈ గుణానికి చాలా మాటలున్నాయి. ఓర్పు, సహనం, నిబ్బరం, గుండె దిటవు, మొండితనం. వీటిలో ఊరు మనకిచ్చినవి మొదటి రెండు. ఓర్పుగల పాలేరు, సహనంగల కూలిమనిషి అని మెచ్చుకుంటారు. అదే మనిషి ఒక పూట పనికి రానంటే మొండి వెధవ అవుతాడు. గుణం అదే గదా, ఎవరికి పనికొస్తే పేరు మారుతుంది. మా వాడలో మాత్రం మొండి అనే మాట తిట్టు కాదు. "మొండిది, బతుకుద్ది" అంటారు పురిటిబిడ్డని చూసి.

మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసేది. గుంటూరు చుట్టుపక్కల వాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్తున్నా. పొద్దున కూచుంటే సాయంత్రందాకా ఘాటులోనే. తుమ్ములు, దగ్గు, కళ్లమ్మట నీళ్లు. చేతులు మండితే రాత్రి మజ్జిగ రాసుకునేది. ఆ చేతుల్తో నన్ను ముట్టుకోటానికి భయపడేది, నా కళ్లు మండుతాయని. నేను డిగ్రీ పూర్తిచేసిన రోజున, మా ఇంట్లో మొదటి డిగ్రీ అది, ఎవరో వచ్చి "మీ అమ్మ ఓర్పు ఫలించిందమ్మా" అన్నారు. అమ్మ వెంటనే అందుకుంది. "నాకేం ఓర్పు లేదయ్యా. తిరగబడితే ఆ పూట కూలి పోద్దని ఊరుకున్నా." ఇంత మంచి సాహిత్య విమర్శ నేను ఎం.ఏ. పుస్తకాల్లో కూడా చూళ్లేదు. లేని గుణాన్ని తనకి అంటగట్టటం ఆమెకి ఇష్టం లేదు. అంటగడితే ఆ కూలి రేటుకి కూడా తనే బాధ్యురాలవుతుందని ఆమెకి తెలుసు.

రెండో భాగం బరోడా. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి, సంస్థానంలో ఉద్యోగానికి పోయిన మనిషి. ఉండటానికి ఇల్లు లేదు. పారసీల సత్రంలో పారసీ పేరు పెట్టుకుని దిగాడు. పదకొండో రోజున కర్రలతో మనుషులొచ్చారు. ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ స్నేహితుడున్నాడు, ఒక క్రైస్తవ స్నేహితుడున్నాడు. ఇద్దరి దగ్గరా ఇంట్లో చోటు అడిగితే చెరొక సాకు చెప్పారు. పార్కులో కూచుని, రాత్రి రైలుకి బొంబాయి వెళ్లిపోయాడు. ఇంతే. తర్వాత ఎంత పెద్దవాడయ్యాడో చూడండి అని ఒక్క వాక్యం చేర్చొచ్చు గదా? చేర్చలేదు. పార్కులో కథ ఆపేశాడు.

నేను మొదటి పోస్టింగులో ఇల్లు వెతుక్కున్నప్పుడు టులెట్ బోర్డులున్న ఇళ్లు అయిదు తిరిగాను. ఎవరూ కర్రలు తేలేదు. కాలం మారింది గదా! "టీచరమ్మా, కూర్చోండి, మంచినీళ్లు తాగండి" అని, గ్లాసు చేతికిచ్చేముందు, "మీరేవిట్లండీ?" చెప్పాక, "మా అబ్బాయి హైదరాబాదు నించి వచ్చేస్తానంటున్నాడండీ, ఇల్లు మాకే కావాలేమో." అయిదిళ్లకీ అయిదుగురు అబ్బాయిలు అదే నెలలో వచ్చేస్తున్నారు. నేను పారసీ పేరు పెట్టుకోలేదు గానీ, మా కొలీగు ఒకావిడ "మీ ఇంటిపేరు మాకూ ఉంది, అదే చెప్పి ఊరుకోండి" అని సలహా ఇచ్చింది. మంచి మనసుతోనే ఇచ్చింది. ఆ సలహా విన్న క్షణంలో నాకు బరోడా సత్రం అర్థమయింది. ఆ పది రోజులూ ఆ గదిలో ఆయన ఎట్లా నిద్రపోయాడో అర్థమయింది. చివరికి కాలనీ పక్కన రెండు గదులు దొరికాయి, అక్కడే ఆరేళ్లున్నాను.

ఇక మూడో భాగం. నాయకత్వం గురించి ఎవరైనా నన్ను పాఠం అడిగితే ఇదొక్కటే చదివి వినిపిస్తాను. 1929. బొంబాయి ప్రభుత్వం అంటరానివాళ్ల ఇబ్బందుల మీద వేసిన కమిటీలో ఆయన సభ్యుడు. దారిలో చాలీస్‌గావ్ మహార్లు స్టేషన్ దగ్గర పట్టుకుని, మా వాడకి రావాలన్నారు. ఒప్పుకున్నాడు. టాంగావాళ్లు ఎవరూ ఎక్కించుకోమన్నారు. నడిపించి తీసుకుపోతే మన నాయకుడికి పరువు తక్కువ అనుకున్నారు వాడవాళ్లు. టాంగా అద్దెకి తీసుకుని, తోలటం రాని మనవాడొకడు పగ్గాలు పట్టాడు. వంతెన మీద చక్రం ఇరుక్కుంది. ఆయన రాళ్ల మీద పడ్డాడు. కాలు విరిగింది. గుర్రం, బండి ఏట్లో పడిపోయాయి.

ఆ తోలినవాణ్ణి ఆయన ఒక్క మాటన్నాడేమో వెతకండి. తొందరపడ్డ వాడవాళ్లని తప్పుపట్టాడేమో చూడండి. వాళ్ల మర్యాద కోసం తన ప్రాణంమీదికి వచ్చిందని కొంచెం నవ్వుతూ రాసినట్టే ఉంటుంది. ఆయన చూపు మాత్రం టాంగావాడి మీద నిలబడిపోయింది. బారిస్టరుని కూడా తనకంటే తక్కువగా చూడగల దర్జా ఒక టాంగావాడికి ఎక్కణ్నించి వచ్చింది? ఈ ప్రశ్న దగ్గర ఆ భాగాన్ని ఆపాడు. కాలు విరిగిన మనిషి మంచంమీద పడుకుని ఆలోచించాల్సిన ప్రశ్నేనా ఇది? అవును. నాయకుడు దెబ్బ తిన్నప్పుడు దగ్గరున్న మనవాణ్ణి కసురుకోవటం చాలా తేలిక. మన సంఘాల్లో రోజూ చూస్తున్నాం. మీటింగు పాడయితే మైకువాణ్ణి తిడతాం, ఎన్నికల్లో ఓడితే వాడని తిడతాం. పదవి రాకపోతే పక్క ఉపకులాన్ని తిడతాం. చాలీస్‌గావ్ మనిషికి ఆ పని చేయటానికి అన్ని కారణాలూ ఉన్నాయి, కాలు నొప్పితో సహా. అయినా ఆయన ఆ అవమానం మొదలయిన చోటునే వేలుపెట్టి చూపించాడు. నిబ్బరం అనే మాట ఎక్కడైనా వాడొచ్చంటే ఇక్కడ వాడతాను నేను.

నాలుగో భాగం, 1934లో దౌలతాబాద్ కోట దగ్గర చెరువులో కాళ్లు కడుక్కున్నందుకు వచ్చిన గొడవ, ముసల్మానులు కూడా మనల్ని ఎట్లా చూశారో చెప్పేది. దాన్ని ఇక్కడ పొడిగించను. అయిదు, ఆరు భాగాల దగ్గరికి పోవాలి.

ఇందాక గుర్తుంచుకోమన్నానే, ఇంకొకళ్లకి జరిగినవి అని, అవి ఇవే. అయిదోది కాఠియావాడ్ బడిపంతులిది. ఆయన రాసిన ఉత్తరం 1929 డిసెంబరు 12న గాంధీ 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. భార్య పురుడుపోసుకుంది, జబ్బుచేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. బతిమాలితే, ఫీజు కడితే, ఆమెని వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. థర్మామీటరు ఒక ముసల్మానుకిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త భార్యకి పెట్టాడు. మళ్లీ అదే వరసలో వెనక్కి. దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు. ఆమె చనిపోయింది. నేనూ బడిపంతుల్నే. ఇది చదువుతున్నప్పుడు ఆ థర్మామీటరు చేతులు మారటం నా చెయ్యి ఆగిపోయేటట్టు చేసింది. ఆ పంతులు తర్వాత బలవంతుడయ్యాడా, దుఃఖంలోంచి ఎదిగాడా? కాగితం చెప్పదు. ఉత్తరం రాశాడు, అంతవరకే మనకి తెలుసు.

ఆరోది బోర్సద్ తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేరిన భంగీ కుర్రవాడిది. పరీక్ష పాసయి, 1936లో ఉద్యోగంలోకి వచ్చాడు. ఆఫీసులో నీళ్లకి కుండలున్నాయి, అతనికి మాత్రం తుప్పుపట్టిన గిన్నె ఒకటి వేరుగా పెట్టారు. నీళ్లు పోసేవాడు పోస్తే తాగాలి. ఊళ్లో ఇల్లు దొరకలేదు. ఊరివాళ్లకి కోపమొస్తుందని మనవాళ్లే భయపడి చోటివ్వలేదు. పని నేర్చుకోటానికి ఒక పల్లెకి పంపితే గుంపు వచ్చి పడింది. అతను సెలవడిగి బొంబాయిలో తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లిపోయాడు. ఉద్యోగం వదిలేశాడు. 1938 మార్చి 6న దాదర్ సభలో లేచి నిలబడి ఈ సంగతంతా చెప్పాడు.

బాబాసాహెబ్ తన పుస్తకాన్ని ఇతనితో ముగించాడు. ఇది నాకు చాలా పెద్ద సంగతి. వ్యక్తిత్వ వికాసం రాసేవాడు ఎవడూ తన ఆత్మకథని ఉద్యోగం వదిలేసి ఇంటికిపోయిన కుర్రవాడితో ముగించడు. ఓడిపోయినవాళ్ల జాబితాలో పెట్టి, "ఇట్లా ఉండకండి" అంటాడు. ఇక్కడ అట్లా లేదు. నాలుగు భాగాలు ఆయన జీవితం, తర్వాత ఒక పంతులు, తర్వాత ఒక గుమస్తా, అందరూ ఒకే వరసలో, ఒకే గొంతుతో. బరోడా రైలెక్కిన పీహెచ్‌డీ మనిషీ, బోర్సద్ నించి వెళ్లిపోయిన నాలుగో ఫారం కుర్రాడూ ఒకటే. ఇద్దరూ ఉద్యోగం వదిలి బొంబాయే పోయారు. ఒకడు మహానాయకుడయ్యాడు గనక గొప్ప నిబ్బరం, ఇంకొకడు అవలేదు గనక పిరికితనం అని తేడా పెట్టనివ్వని అమరిక అది. వదిలేసి రావటం కూడా నిలబడటమే అయిన సందర్భాలు ఉంటాయని ఒప్పుకోవాలి. మా నాన్న తరంవాళ్లు చెప్పే కారంచేడు సంగతి అదే గదా. 1985 జూలైలో, చెరువు నీళ్లు పాడుచేయొద్దని సువార్తమ్మ బిందె ఎత్తిన మర్నాడు ఆరుగుర్ని చంపారు. బతికినవాళ్లు చీరాల పరిగెత్తారు. రాజీపడి ఊళ్లోకి తిరిగి పొమ్మని అందరూ చెప్పారు. పోలేదు. చీరాలలోనే ఉండిపోయారు, అక్కణ్నించే దళిత మహాసభ లేచింది. రబ్బరు బంతి పాఠం ప్రకారం అయితే వాళ్లు ఎగిరి మళ్లీ అదే పల్లెలో, అదే కామందు చేతిలో పడాల.

ఆయన రాజకీయ జీవితం కూడా ఇట్లాగే ఉంటుంది. చెరువు నీళ్ల కోసం పోయాడు, రాళ్లు పడ్డాయి. అదే సంవత్సరం డిసెంబరు 25న మనుస్మృతి తగలబెట్టాడు. 1930లో నాసిక్ కాలారామ్ గుడి తలుపులు తీయించటానికి సత్యాగ్రహం మొదలుపెట్టాడు, ఏళ్లు గడిచినా తీయలేదు. 1935 అక్టోబరు 13న యేవలాలో, ఈ గుడీ వద్దు ఈ మతమూ వద్దని తేల్చి చెప్పాడు. ప్రతి దెబ్బకీ దారి మార్చాడు. హిందూ కోడ్ బిల్లు నడవకపోతే 1951లో మంత్రి పదవి వదిలేశాడు. 1952లో బొంబాయిలో ఓడించారు, 1954లో భండారాలో ఓడించారు. చక్కెర జబ్బు, కాళ్ల నొప్పులు. 1956లో ఆగ్రాలో, చదువుకున్న మనవాళ్లే నన్ను మోసం చేశారని కంటతడి పెట్టుకున్నాడని మనవాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ చదువుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఈ వ్యాసం చదువుతున్న మీరూ ఉన్నారు. అదే సంవత్సరం అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందితో కలిసి బౌద్ధంలోకి నడిచాడు. యేవలా మాటకీ నాగపూర్‌కీ మధ్య 21 ఏళ్లు. ఇంత ఆలస్యం ఎందుకని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఒక్కడుగా దూకటం ఆయనకి ఎంతసేపు? వెంట వచ్చేవాళ్ల కోసం ఆగాడు.

ఇంతవరకూ మెచ్చుకున్నాను. ఇక నాకున్న కొరత చెప్తాను. ఈ ఇరవై పేజీల్లో రమాబాయి లేదు. మొదటి భాగంలో, మంగలి రాడు గనక తమ్ముళ్లకి జుట్టు కత్తిరించే అక్క కనిపిస్తుంది, ఒక్క మాటలో. అయిదో భాగంలో చనిపోయిన పంతులు భార్యకి పేరు లేదు. రమాబాయికి ఆ చోటు కూడా లేదు. ఆయన 1913లో అమెరికా పోయింది మొదలు, మళ్లీ 1920లో లండన్ పోయి 1923లో తిరిగొచ్చేదాకా, బొంబాయిలో సంసారం లాగింది ఎవరు? పుట్టిన అయిదుగురు పిల్లల్లో నలుగుర్ని మట్టికిచ్చింది ఎవరు? ఆఖరి కొడుకు రాజరత్న 1926లో పోయాడు. ఆమె 1935 మే 27న పోయింది. అంటరానితనం గురించి విదేశీయులకి చెప్పే పుస్తకంలో ఇంటి సంగతులు ఎందుకొస్తాయని మా ఆయన వాదించాడు. సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఒప్పుకోను. పిల్లలకి మందు అందకపోవటం, ఒక చిన్న గదిలో అంతమంది బతకటం ఇంటి సంగతులా? బరోడాలో ఇల్లు దొరకకపోవటం దేశం సంగతి అయినప్పుడు ఇదీ దేశం సంగతే.

ఆయనకి తెలియక కాదు. పాకిస్తాన్ గురించి రాసిన పెద్ద పుస్తకాన్ని రాము జ్ఞాపకానికి అంకితమిచ్చాడు. తనతోపాటు కష్టాలు పడటానికి సిద్ధపడ్డ ఆమె నిబ్బరాన్ని అక్కడ తలుచుకున్నాడు. అంకితం పేజీలో ఆమె ఉంది, కథలో లేదు. దళిత ఆత్మకథలు మగవాళ్లు రాసినవి ఎన్నో చదివాను, చాలా వాటిలో అమ్మల పరిస్థితి ఇదే. మొదటి పేజీలో దండం, లోపల పస్తులు, మళ్లీ చివర్లో దండం. ఆమెకి కోపం వచ్చిందా, ఆమె ఎప్పుడైనా వదిలేసి పోదామనుకుందా, ఆమె ఎవరితో చెప్పుకుని ఏడ్చింది, ఇవి ఎవరూ రాయరు. మా అమ్మ అయితే తొడిమల దగ్గర పక్కన కూచున్న ఆడవాళ్లతో చెప్పుకునేది. పాటలు పాడేవాళ్లు, బూతులు తిట్టుకునేవాళ్లు, కామందుని వెక్కిరించేవాళ్లు. అప్పు కావాలంటే నలుగురూ కలిసి చీటీ వేసేవాళ్లు. నా డిగ్రీ ఫీజులో రెండు విడతలు ఆ చీటీ డబ్బులే. నన్ను నిలబెట్టిన బలం ఏదని మళ్లీ ఎవరైనా గడి ఇచ్చి నింపమంటే, ఆ అయిదుగురు ఆడవాళ్ల పేర్లు రాస్తాను. నా గుణం ఏదీ రాయను.

వీసా అని ఎందుకు పేరు పెట్టాడో లోపల ఎక్కడా వివరించలేదు. పరాయిదేశం పోయేవాడికి గదా వీసా కావాలి. సొంత ఊళ్లో నీళ్లకి, గదికి, టాంగాకి, డాక్టరుకి, నీళ్లకుండకి వీసా అడిగారు కాబట్టి అని నేను అర్థం చేసుకున్నాను. వేరే అర్థం చెప్పేవాళ్లుంటే వింటాను.

పోయిన సంవత్సరం ఎనిమిదో తరగతికి ఆ మసూర్ ప్రయాణం తెలుగులో చెప్పాను. నీతి చెప్పలేదు. మా బడిలో ఊరి పిల్లలూ ఉంటారు, వాడ పిల్లలూ ఉంటారు, ఒకే బెంచీ మీద. టోలు గేటు దగ్గరికి వచ్చేటప్పటికి ఎవరూ కదల్లేదు. అంతా అయ్యాక వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. "టీచర్, బండి అతందే గదా. డబ్బులు డబుల్ తీసుకున్నాడు గదా. మరి నడవటం ఎందుకు?" ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత తరగతి తరగతంతా నవ్వింది. సొంత బండి పక్కన చెప్పులరిగేలా నడిచే ఆ మనిషిని ఒక పిల్లాడు లేచి నడిచి చూపించాడు కూడా. పక్క తరగతి మాస్టారు తొంగిచూసి, ఏంటమ్మా గోల అన్నారు. బాబాసాహెబ్ పాఠం సార్ అన్నాను. "బాబాసాహెబ్ పాఠంలో నవ్వేముంది?" అన్నారాయన. పిల్లలు ఆయనకి కూడా మొదట్నించీ చెప్పటం మొదలుపెట్టారు.